తెల్లరంగు డబ్బా ఏదీ?

నాకు ఒళ్ళు మండించే మాటలు రెండున్నాయి. "ఆడవాళ్ళకేం తెలుసు" అనేది మొదటిది. అది పాతబడిపోయింది. విని విని చెవులు గట్టిపడ్డాయి. రెండోది ఈమధ్య పుట్టింది. "అదంతా మిషనే చూసుకుంటుందిలే" అంటారు. దీనికి మాత్రం నేను అలవాటు పడలేకపోతున్నాను. పడను కూడా.

మిషన్ ఏమీ చూసుకోదండీ. కుక్కరు విజిల్ వేస్తుంది గానీ, పప్పు ఉడికిందో లేదో మూత తీసి మనమే చూడాలి. మిక్సీ తిరుగుతుంది గానీ, పచ్చడి కచ్చాపచ్చాగా ఉండాలో మెత్తగా ఉండాలో దానికేం తెలుసు? రంగుల ప్రింటరూ అంతే. అయితే కుక్కరు కంటే దానికి మర్యాద ఎక్కువ. పని మొదలుపెట్టే ముందు తెర మీద చిన్న కిటికీ తెరిచి, మూడు ప్రశ్నలు అడుగుతుంది. ఏ కాయితం మీద వెయ్యమంటారు? ఏ సైజులో, ఎంత నాణ్యంగా, ఎన్ని కాపీలు వెయ్యమంటారు? రంగు ఎలా ఉండమంటారు?

పాపం అంత వినయంగా అడుగుతుంటే మనం ఏం చేస్తాం? ఒక్కదానికీ జవాబు చెప్పకుండా "ప్రింట్" అన్నచోట నొక్కేస్తాం. లేదా షాపులో కుర్రాడు నొక్కుతుంటే పర్సు తెరిచి చిల్లర వెతుక్కుంటూ నిలబడతాం. వచ్చింది ఎలా ఉన్నా మడిచి సంచీలో పెట్టుకుని ఇంటికొస్తాం.

చీరల షాపులో మనం ఇలా ఉంటామా? ట్యూబులైటు కింద ఎంత బాగున్నా నమ్మం. "ఒక్కసారి బయటికి తీసుకురా బాబూ" అని గుమ్మంలోకి తెప్పించి, ఎండలో కొంగు ఆరేసి చూస్తాం. మ్యాచింగ్ జాకెట్టు గుడ్డకోసం చీర చెంగు చేత్తో పట్టుకుని నాలుగు షాపులు తిరుగుతాం. వంకాయరంగుకీ నేరేడుపండు రంగుకీ తేడా తెలియని మనిషిని చూసి జాలిపడతాం. రంగుల సంగతి ఇంత తెలిసిన జాతి, ప్రింటు షాపులో మాత్రం నోరెత్తదు! ఎందుకంటే అది "మిషన్".

నేనూ నోరెత్తనిదాన్నే. మా మదనపల్లెలోనూ, పుంగనూరులోనూ, కుప్పంలోనూ వరసగా మూడు దెబ్బలు తిన్నాకే నాకు బుద్ధొచ్చింది. ఆ మూడూ చెబుతాను. మూడో దెబ్బ నాకు తగిలింది కాదు. అందుకే ఈ నాలుగు ముక్కలూ రాయాల్సివచ్చింది.

మొదటిది సైజు సంగతి. మదనపల్లె అంటే అందరికీ టమోటా మార్కెట్టే గుర్తొస్తుంది గానీ, ఊరిని ఆనుకుని ఉన్న నీరుగట్టువారిపల్లెలో మగ్గాల మీద నేసే పట్టుచీరలు మాకు టమోటాలకంటే ముఖ్యం. అలాంటి చీర ఒకటి కొన్నాను. జాకెట్టు కొత్త ఫ్యాషన్‌లో నేనే కుట్టుకోవాలని సరదా పుట్టింది. మా అమ్మాయి ఫోనులో ఒక నమూనా పంపింది. ఆరు కాయితాల మీద ప్రింటు తీసి, అంచులు కలిపి అతికించి, గుడ్డ మీద పరిచి కత్తిరించుకోవడమే.

షాపుకి వెళ్ళాను. "అక్కా, ఫిట్ టు పేజ్ పెట్టినా. నీట్‌గా వస్తాది" అన్నాడు కుర్రాడు. నీట్‌గానే వచ్చింది. అన్నీ నల్లగీతలే అయినా ఆరింటికీ రంగు చార్జీ ఇచ్చి తెచ్చుకున్నాను. చీరలోంచి జాకెట్టు ముక్క కోశాను. కత్తిరించాను, కుట్టాను. వేసుకోబోతే భుజాల దగ్గరే ఆగిపోయింది!

"ఒళ్ళు చేసినట్టున్నావు" అన్నారు మావారు పేపరులోంచి తలెత్తకుండా.

అప్పుడు తీరిగ్గా చూశాను. మొదటి కాయితం మూల ఒక చిన్న చదరం ఉంది. "ఇది సరిగ్గా 5 సెంటీమీటర్లు ఉండాలి" అని దానికింద రాసుంది. స్కేలు పెట్టి కొలిస్తే 4.7 ఉంది. అంచుల్లో ఖాళీ వదలడానికి ప్రింటరు బొమ్మ మొత్తాన్నీ నూటికి 94 పాళ్ళకు కుదించేసింది. 36 అంగుళాల చాతీ 34కి దిగింది. తప్పు నా ఒంటిది కాదండీ, ఫిట్ టు పేజ్‌ది.

చూడండి, ఎంత చిన్న సంగతో! ఆ కిటికీలోనే పక్కన "యాక్చువల్ సైజ్" అని ఇంకోటుంది. దాన్ని నొక్కితే నూటికి నూరుపాళ్ళూ వస్తుంది. కాయితం ఏ 4 అయితే కిటికీలోనూ ఏ 4 అనే ఉండాలి. ఆ కాయితం 210 మిల్లీమీటర్ల వెడల్పు, 297 పొడుగు. అమెరికావాళ్ళ "లెటర్" కాయితం ఆరు మిల్లీమీటర్లు వెడల్పెక్కువ, పద్ధెనిమిది పొడుగు తక్కువ. ఒకటి చెప్పి ఇంకోటి పెడితే అడుగు తెగిపోతుంది, లేదా బొమ్మ కుదించుకుపోతుంది. ఇక గీతల నమూనాకి రంగెందుకు? "గ్రేస్కేల్" పెట్టి, నాణ్యం "డ్రాఫ్ట్"లో తీస్తే సిరా ఖర్చు బాగా మిగులుతుంది. మొదటి కాయితం ఒక్కటే తీయించి, చదరం కొలిచి, ఆ తర్వాత మిగతా అయిదూ తీయించమని చెప్పడానికి నాకు ఇంజనీరింగ్ డిగ్రీ అక్కర్లేదు. నోరుంటే చాలు.

రెండోది కాయితం సంగతి. మా ఆడపడుచుది పుంగనూరు. మా ఊరినుంచి బస్సులో గంట ప్రయాణం. నేను వెళ్ళిన రోజున వాళ్ళ మనవడు బడిలో ఇవ్వవలసిన ప్రాజెక్టు పుస్తకం ముందేసుకుని ఏడుపుమొహంతో కూర్చున్నాడు. పుంగనూరులో పుట్టిన పిల్లాడు దేనిమీద రాస్తాడు? పుంగనూరు ఆవుమీదే. నేలనుంచి మూపురం దాకా కొలిస్తే 70 నుంచి 90 సెంటీమీటర్లు. మన నడుముదాకా వస్తే గొప్ప. ఒకప్పుడు అంతరించిపోతుందేమోనని భయపెట్టిన జాతి, 2024 సంక్రాంతి సమయంలో ప్రధానమంత్రి ఇంట్లో మేత మేస్తూ ఫొటోలకెక్కింది. వీడు మాత్రం పక్కవీధి తెల్లావును సొంతంగా ఫోనులో ఫొటో తీశాడు. ఇంట్లోనే ప్రింటరుంది. వాళ్ళ నాన్న ప్రింటు తీసిపెట్టి ఆఫీసుకెళ్ళాడు.

ఆ ప్రింటు చూద్దునుగదా, ఆవు చెరువులోంచి అప్పుడే లేచొచ్చినట్టుంది. కాయితం తడిసి అలలు తిరిగింది. గడ్డి పచ్చదనం ఆవు పొట్టలోకి పాకింది. సిరా వెనకవైపుకి కూడా దిగింది. ఆవు తెలుపు కాస్తా పసుపుపచ్చగా ఉంది.

సాయంత్రం వాళ్ళ నాన్న వచ్చాక నేను ప్రింటరు దగ్గర కూర్చోబోతే, "అత్తా, నువ్వు ముట్టుకోవద్దు, సెట్టింగులన్నీ పోతాయి" అన్నాడు. పోతే పోయాయి, ఆవు మిగులుతుంది అని చెప్పి కూర్చున్నాను. కిటికీ తెరిస్తే "పేపర్ టైప్" దగ్గర "గ్లాసీ ఫొటో" అనుంది. ఎప్పుడో ఎవరో పుట్టినరోజు ఫొటోలు తీసుకుని అలాగే వదిలేశారు. పెట్టిన కాయితమేమో పల్చటి మామూలు కాయితం.

పెనం వేడెక్కిందో లేదో చూసుకునే పిండి వేస్తాం కదూ? ప్రింటరుకి చెయ్యి ఆడించి చూసే వీలులేదు. మీరు ఏ కాయితం అని చెబితే దాన్నిబట్టి సిరా కొలుస్తుంది. ఫొటో కాయితం మీద నున్నటి పూత ఉంటుంది. అది చాలా సిరాని పైనే పట్టి ఆరబెట్టుకుంటుంది. మామూలు కాయితం పీచు కాయితం. అద్దుడు కాయితంలా లోపలికి పీల్చేస్తుంది. పీల్చే కాయితానికి పూత కాయితమని అబద్ధం చెబితే ఆవు స్నానం చేస్తుంది. పూత కాయితానికి మామూలుదని చెబితే చాలీచాలని సిరాతో రంగు వెలవెలబోతుంది. పూత కూడా సాధారణంగా ఒకవైపే ఉంటుంది. కాయితం తిరగేసి పెడితే ఎంత ఖరీదైనదైనా దండగే.

బజారునుంచి ఒక మ్యాట్ కాయితం తెప్పించాం. కిటికీలో "మ్యాట్" అని నిజం చెప్పాం. నాణ్యం "హై" అన్నాం. ఈసారి ఆవు పొడిగా, తెల్లగా, నాలుగు కాళ్ళమీద నిలబడి వచ్చింది.

పిల్లాడు ప్రింటరు పక్కనున్న సిరా డబ్బాల్లోకి తొంగిచూసి, "అవ్వా, ఇందులో నీలం, గులాబీ, పసుపు, నలుపు ఉండాయి. తెల్లరంగు డబ్బా ఏదీ?" అన్నాడు.

నాకు ఒక్క క్షణం జవాబు దొరకలేదు. నిజమే. గుడ్డలమీదా నల్లఅట్టలమీదా అచ్చువేసే ప్రత్యేకమైన యంత్రాలకు తెల్లసిరా ఉంటుంది గానీ, మన ఇళ్ళల్లో, చిన్న షాపుల్లో ఉండే ప్రింటర్లకు తెలుపు లేదు. మా టమోటా ఎరుపు గులాబీ సిరా, పసుపు సిరా కలిస్తే వస్తుంది. గడ్డి పచ్చదనం నీలమూ పసుపూ కలిస్తే వస్తుంది. ఆవు తెలుపు మాత్రం ఏది కలిపినా రాదు. అక్కడ ప్రింటరు సిరా వెయ్యకుండా వదిలేస్తుంది. మనకు కనిపించేది కాయితం. అందుకే కాయితం పసుపైతే ఆవు పసుపు.

"నాయనా, తెల్లరంగు అంటే రంగు వెయ్యకపోవడమే" అని చెప్పాను. ఆ మాట అంత దూరం వెళుతుందని అప్పుడు నాకు తెలియదు.

మర్నాడు పుంగనూరునుంచే బయల్దేరి, పలమనేరు, వి.కోట మీదుగా కుప్పం వెళ్ళాను. మా అక్క ఉండేది అక్కడ. బెంగుళూరు, చెన్నై రైలుదారిలో, మూడు రాష్ట్రాలు కలిసేచోట ఉన్న ఊరు. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం పెట్టడానికి ఆ ఊరే తగినదనిపించిందంటే ఆశ్చర్యం లేదు. బజారులో నిలబడితే తెలుగు, తమిళం, కన్నడం మూడూ వినిపిస్తాయి. అక్క కూతురికి సంబంధాలు చూస్తున్నారు. బయోడేటాతో పంపడానికి ఫొటోలు ప్రింటు తీయించాలి. ముగ్గురం షాపుకి వెళ్ళాం.

మా అక్క కూతురిది చామనఛాయ. మా అమ్మ రంగు. గడ్డంమీద పుట్టుమచ్చ కూడా మా అమ్మదే. ఫొటోలో ముదురు మెరూన్ పట్టుచీర కట్టుకుని, నవ్వీ నవ్వనట్టుగా ఉంది.

ప్రింటు చేతికొచ్చింది. చీర లేత గులాబీ అయిపోయింది. జరీ ఎక్కడుందో వెతుక్కోవాలి. ముక్కు అంచులు కరిగిపోయాయి. మొహం సున్నం కొట్టిన గోడలా ఉంది. పుట్టుమచ్చ లేదు.

"కొంచెం బ్రైట్‌నెస్ పెంచినా అక్కా. దానికి డబ్బులేం వద్దులే" అన్నాడు కుర్రాడు, ఉపకారం చేసినవాడిలా.

"ఎవరు పెంచమన్నారు?" అన్నాను.

"అందరూ పెంచమనే అంటారు గదక్కా. నల్లగా వస్తే మమ్మల్నే తిడతారు."

వాడిమీద నాకు కోపం రాలేదు. ఆధార్ కాపీలకీ హాల్‌టికెట్లకీ పదిమంది క్యూలో ఉంటే, ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి ఎలా అడుగుతాడు? పైగా వాడన్నది నిజం. ఆ బ్రైట్‌నెస్ మీటను తోసింది వాడి వేలే గానీ, ఆ వేలిని తోసింది మనం. పక్కనే మా అక్క ఫొటో చూసి మురిసిపోతోంది!

"ఎంత బాగొచ్చిందో చూడవే!"

"బాగానే ఉంది, ఎవరీ అమ్మాయి?" అన్నాను.

"నీకన్నీ వెటకారాలే. ఫొటోలోనన్నా కాస్త తెల్లగా ఉండనీ."

అప్పటిదాకా మాట్లాడకుండా నిలబడ్డ పిల్ల ఆ ఫొటో అందుకుని చూసింది. నా వంక తిరిగి, "పిన్నీ, ఈ అమ్మాయికి సంబంధం కుదిరితే, వాళ్ళింటికి ఎవర్ని పంపుతారు?" అంది.

నవ్వుతూనే అంది. మా అక్క మాత్రం నవ్వలేదు.

ఈ తెలుపు పిచ్చి మన ఊళ్ళలో పుట్టింది కాదండీ. 1950లనుంచీ కొడాక్ కంపెనీ రంగులు సరిచూసుకోమని ఫొటో ల్యాబులకి ఒక కార్డు పంపేది. దానిమీద తెల్లజాతి యువతి బొమ్మ. షెర్లీ కార్డు అనేవారు. ఆ యువతి ఒంటిరంగు సరిగ్గా వస్తే ప్రింటు సరిగ్గా వచ్చినట్టు. మిగతా లోకం ఎలా వచ్చినా ఎవరికీ పట్టలేదు. లోర్నా రోత్ అనే కెనడా పరిశోధకురాలు 2009లో ఈ సంగతంతా రాసింది. నల్లవాళ్ళ మొహాలు సరిగ్గా రావడంలేదన్న మాటకంటే ముందు, చెక్కసామాన్ల వాళ్ళూ చాక్‌లెట్ కంపెనీల వాళ్ళూ తమ సరుకు రంగులు సరిగ్గా పడడంలేదని గోలపెట్టాకే ఫిల్ము బాగుచెయ్యడం మొదలైందట! మనిషి రంగుకంటే చాక్‌లెట్ రంగుకి విలువెక్కువ.

అది ఫిల్ముల కాలం. ఆనాటి ఫిల్ముకి చామనఛాయ పట్టే శక్తి లేదనుకుందాం. ఈనాటి ప్రింటరుకి ఆ సాకు లేదు. ఉన్నరంగు ఉన్నట్టు వేస్తుంది, మనం మీట తొయ్యకపోతే. 2020లో ఫెయిర్ అండ్ లవ్లీ క్రీముకూడా తన పేరులోంచి "ఫెయిర్" తీసేసుకుంది. క్రీము మానేసిన మాటని ప్రింటు షాపులో మనం ఉచితంగా పూయించుకుంటున్నాం.

నాకు పుంగనూరు పిల్లాడి ప్రశ్న గుర్తొచ్చింది. తెల్లరంగు డబ్బా ఏదీ? లేదు నాయనా. ప్రింటరు ఎవర్నీ తెల్లగా చెయ్యలేదు. సిరా తగ్గించగలదు, అంతే. పిల్లని తెల్లగా చెయ్యమంటే దానికి తెలిసిన దారి ఒక్కటే. ఆ పిల్లని కొంచెం కొంచెంగా చెరిపెయ్యడం. ముందు పుట్టుమచ్చ, తర్వాత ముక్కు అంచు, తర్వాత చీర జరీ. మొహం ఒక్కటే తేలికపరచమంటే కుదరదు. దానితోపాటు ఒంటిమీదున్నవన్నీ వెలిసిపోతాయి.

"బాబూ, ఆ మీటలన్నీ సున్నాకి తీసుకురా" అన్నాను. "కాయితం గ్లాసీయే కదా, అక్కడ గ్లాసీ అని ఉందో లేదో చూడు. నాణ్యం హై పెట్టు. ముందు చిన్నసైజులో ఒక్కటే తియ్యి." ఆ షాపులో మూడు భాషల బోర్డులున్నా తెరమీద కిటికీ మాత్రం ఇంగ్లీషులోనే ఉంది. వాడు చదివాడు, నేను చెప్పాను. అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. క్యూలోవాళ్ళు ఎవరూ కొట్టలేదు.

ప్రింటు తీసుకుని గుమ్మంలోకి వెళ్ళాను, చీర తీసుకెళ్ళినట్టే. ఎందుకంటే తెర అనేది దీపం లాంటిది, సొంత వెలుగుతో మెరుస్తుంది. కాయితానికి సొంత వెలుగు లేదు. ఎండ అప్పిస్తేనే కనిపిస్తుంది. అందుకని ప్రింటు ఎప్పుడూ తెరకంటే ఒక పిసరు ముదురుగా అనిపిస్తుంది. దానికి కంగారుపడి మీట తొయ్యకూడదు. పగటి వెలుతుర్లో చూసి అప్పుడు తేల్చుకోవాలి.

ఎండలో మెరూన్ చీర మెరూన్‌గా ఉంది. జరీ మెరిసింది. పుట్టుమచ్చ తిరిగొచ్చింది. మా అక్క చాలాసేపు ఆ ఫొటో వంక చూసింది. చివరికి "అచ్చం అమ్మలాగుందే" అంది, గొంతు మారి.

ఆ ఫొటోలే పన్నెండు తీయించాం.

ఇంత రాద్ధాంతం దేనికి, ఒక ప్రింటు కోసమా అని మీలో కొందరు అనుకుంటూ ఉండొచ్చు. మీటలు తెలియకపోతే కొంప మునిగిందా అనొచ్చు. మునగలేదు. ఒక పట్టు జాకెట్టు పోయింది, ఒక పిల్లాడి కష్టం తడిసింది, అంతే. కానీ మూడోది చూడండి. అమ్మాయి ఫొటో తెల్లగా తీయించిన ప్రతిసారీ, "నువ్వు ఉన్నట్టుగా చాలవు" అని కన్నతల్లి చేత్తో రాసి ఇచ్చినట్టు కాదూ? "నలుపు నారాయణుడు మెచ్చు" అని సామెతలు వల్లిస్తాం. నారాయణుడు మెచ్చినదాన్ని మనం బ్రైట్‌నెస్ పెంచి పంపుతాం. చూడవచ్చినవాళ్ళు ఫొటోనీ పిల్లనీ మార్చి మార్చి చూస్తుంటే, ఆ కుర్చీలో తలవంచుకుని కూర్చునేది మనం కాదు, ఆ పిల్ల.

మగవాళ్ళు "మిషన్ ముట్టుకోవద్దు" అంటారు. షాపువాళ్ళు "అట్లే వస్తాదిలే అక్కా" అంటారు. మనమూ సరే అనేస్తాం. చీరకి అననిది, జాకెట్టుకి అననిది, ఉప్పుకీ చింతపండుకీ అననిది, మన పిల్లల మొహాలకి ఎందుకనాలి? ఏ కాయితం, ఏ సైజు, ఏ రంగు అని మిషన్ అడుగుతోంది. అది మననే అడుగుతోంది. జవాబు ఇంకెవరో ఎందుకు చెప్పాలి?

మొదటి ప్రింటు, ఆ సున్నం కొట్టిన మొహం, పారెయ్యకుండా తెచ్చుకున్నాను. వంటింట్లో క్యాలెండరు వెనకాల ఉంది. "అదంతా మిషనే చూసుకుంటుందిలే" అని మా ఇంట్లో ఎవరైనా అంటే తీసి చూపిస్తాను. ఈమధ్య మావారు ఆ మాట అనడం మానేశారు.